ఏడో బిళ్ళ

మా లంకల్లో రాయి పుట్టదు.
చిన్నప్పుడు మామిడికాయ కొట్టాలన్నా
మట్టిబెడ్డే విసిరేవాళ్ళం.
కొమ్మకి తగిలి పొడుమైపోయి
మా కళ్ళలోనే పడేది.
బావి తవ్వినా, పునాది తీసినా
పార ఒక్కసారీ ఖంగుమనేది కాదు.
పప్పు రుబ్బుకునే రోలు కూడా
కొండలున్న ఊళ్ళనించి బండెక్కి రావాల్సిందే.

అలాంటి చోటికి
చీమకుర్తి నించి ఇరవై టన్నుల నల్లరాయి
లారీ మీద గొలుసులేసుకుని వచ్చింది,
ఒంటినిండా డ్రిల్లు గాట్లతో.
లొల్ల లాకులకి ఇవతల
కాలవగట్టు దిగితే మా షెడ్డు.
క్రేను దాన్ని దింపగానే
నేల గుటకేసింది.
మెత్తటి నేల మరి.
ఆరడుగుల కాంక్రీటు పోయించినా
ఏటా వేలెడంత కుంగుతూనే ఉంది.

రంపం పెట్టేముందు భన్వర్‌లాల్ మేస్త్రి
సుత్తితో తట్టి చెవి ఆనిస్తాడు,
పుచ్చకాయ బేరమాడుతున్నట్టు.
గంటలా మోగితే సరుకు.
దగ్గినట్టు వినబడితే
లోపలెక్కడో నూలుపోగంత పగులు.
పదకొండేళ్ళయింది ఆయన ఈ దేశం వచ్చి,
ఇంకా తెలుగులో ఆడా మగా కుదరలేదు.
"రాయి వచ్చాడు" అంటాడు.
"రాయి పగిలాడు, డబ్బులు పోయాడు" అంటాడు.
మేం నవ్వుతాం. ఆయనా నవ్వుతాడు,
దేనికో తెలీకుండానే.

రంపం పళ్ళకి వజ్రపు పొడి.
ఆ వజ్రానికి ఒకటే దాహం.
కోత సాగినంతసేపూ, రాత్రయినా పగలైనా,
దాని మీద నీళ్ళు కారుతూనే ఉండాలి.
అరిగిన రాయి ఆ నీళ్ళలో కలిసి
బూడిదరంగు పాలలా గుంటలోకి పోతుంది,
ఎండితే మెత్తటి పిండి.
ఓసారి కొంగున కట్టి ఇంటికి పట్టికెళ్ళి
దాంతో ముగ్గేశాను.
బియ్యప్పిండికి వరసకట్టే చీమలు
చుట్టూ ఒకసారి తిరిగి చూసి
వెళ్ళిపోయాయి.

ఆ గుంట పొంగి చేలో పడ్డ రోజు
పక్కరైతు సూరప్పడు
దోసెడు బురద తెచ్చి
ఆఫీసు బల్లమీద, బిల్లుపుస్తకం పక్కన పెట్టాడు.
తిట్టలేదు. కూచోమన్నా కూచోలేదు.
మేనేజరు దాన్ని గుడ్డతో తుడిపించాడు.
ఆ బల్ల మీద గీత మాత్రం పోలేదు.

నాది పాలిషు లైను.
ఏడు తలలు, ఏడు బిళ్ళలు.
మొదటిది పులినాలుక.
రెండోది పిల్లినాలుక.
మూడూ నాలుగూ రాయిలోని బూడిద తినేస్తాయి.
ఐదో దాని దగ్గర నలుపు మొదలు,
ఆరో దాని దగ్గర ఒక్కో చుక్కా వెలుగుతుంది.
ఏడో బిళ్ళ కింద నించి బయటికొచ్చేసరికి
పైన రేకులూ, ట్యూబులైటూ,
మొహానికి తువ్వాలు కట్టుకున్న నేనూ
అందులో తలకిందులుగా ఉంటాం.
తరవాత రెండడుగుల పలకలు కోస్తారు.
మూల చితికినా, చుక్కలు ఒకేచోట గుంపైనా
పల్లాలమ్మ పక్కకి తీసేస్తుంది.
దాని చూపు తప్పించుకున్న పలక లేదు.

ఇంటికెళ్ళి అన్నం పెట్టనా అంటే
"నేనేమన్నా ఏటి అవతలున్నానా
అలా అరుస్తావు" అంటాడు మా ఆయన.
నేను మామూలుగానే అడిగాను.

మొన్న శ్రావణంలో గోదారి షెడ్డులోకొచ్చింది,
నడుములోతు. మోటార్లు మునిగాయి.
మూడు రోజులుండి, ఎవరికీ చెప్పకుండా పోయింది.
స్టాండుల్లో నిలబెట్టిన పలకల్ని
ఒక్కొక్కటే విడదీస్తుంటే
రెండింటి మధ్యా తమలపాకంత మందాన ఒండ్రు.
ఒకచోట అది చిరక్కుండా
పొరలా ఊడి నా అరచేతుల్లోకొచ్చింది.
రాతికి ఆనుకున్న వైపు
నున్నగా మెరుస్తోంది.
ఏ బిళ్ళా పెట్టలేదు దానికి.
వంగి చూస్తే నా మొహం,
చుక్కల్లేకుండా.

భన్వర్‌లాల్‌ని కేకేశాను.
గోటితో తట్టి, అలవాటుగా చెవి ఆనించాడు.
ఏమీ మోగలేదు.
ఆరుతున్న అంచు కొంచెం లేచింది.
"మట్టి వచ్చింది" అన్నాడు,
మొదటిసారి తప్పులేకుండా.

తరవాత పైపు తెచ్చి
అన్నీ కడిగేశాం.