తొమ్మిదో గొట్టం

రాయగడలో ముసురు పట్టి మూడోరోజు.
ఐసుపెట్టె మూత మీద బురదచేతుల అచ్చులు.
లోపల దూదిపుల్లలు ఆరు, ఆరుగురివి;
ఒక సీసాలో వాగునీళ్ళు;
ఒక సత్తుచెంబులో, మూతికి టేకాకు కట్టి,
మామిడిటెంక జావ.

చెంబు తెచ్చినామె సుమారి కడ్రక.
"ఇందులోనే విషం ఉందంటున్నారు మీ బాబులు.
మా అమ్మ తాగింది, వాళ్ళమ్మ తాగింది.
చూసి చెప్పు" అంది కువిలో.
వాచ్‌మన్ దాన్ని ఒడియాలోకి దించాడు,
నేను తెలుగులో విన్నాను.
మూడు గుమ్మాలు దాటేసరికి మాట కొంచెం చల్లారింది.
మొహం మాత్రం చల్లారలేదు.

ప్రైమరంటే ఏమిటని మా వదిన అడిగిందొకసారి
చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ.
గోడకి పూసేది కాదొదినా.
ఇరవై అక్షరాల ముక్క, అంతే.
మన బస్టాండులో
ఒడియా, కువి, సంచుల్లో కోళ్ళ గోల,
కొరాపుట్ కొరాపుట్ అని కండక్టరు అరుపు,
ఆ నడుమ ఎవరో
"ఓలమ్మ, ఎప్పుడొచ్చినావే" అంటే
ఠక్కున తిరుగుతుంది చూడు నీ తల,
ఆ తిరగడం ఒక్కటే దానికి వచ్చు.
జోడుమాట దొరికితే పట్టుకుంటుంది.
దొరక్కపోతే ఊరకే తేలుతుంది.
దానికి అబద్ధం చేతకాదు.
చేతులకి వచ్చు.

తొంభైఅయిదు డిగ్రీల దగ్గర పేనిన తాడు విడిపోతుంది.
యాభైఎనిమిదికి దిగాక వెతుకులాట.
డెబ్బైరెండుకి ఎక్కితే అల్లిక.
ఒకటి రెండు, రెండు నాలుగు,
ముప్ఫైఅయిదు చుట్లు.
కరెంటు పోతుంది, జనరేటరు దగ్గుతుంది,
నేను గోడగడియారం కింద కూర్చుని
నిన్నటి బఠాణీలు నములుతుంటాను.

పదో గొట్టంలో తెలిసిన దొంగని పెడతాం,
యంత్రం పోల్చుకుంటోందో లేదో అని.
తొమ్మిదో దాంట్లో ఎవరినీ పెట్టం.
ప్రైమర్లు, శుద్ధి చేసిన నీళ్ళు.
చీకటిగా ఉండటమే దాని ఉద్యోగం.

రాత్రి పదకొండుకి జెల్లు కింద దీపం వేశాను.
పదీ వెలిగాయి.
తొమ్మిదోది కూడా,
నారింజరంగు గీత,
పిల్లి తాగిన పాలమీగడలా మూతికంటుకుని.

ఫోను మోగింది. ఆఫీసరు.
"జావలో వచ్చిందా?"
"వచ్చిందండి, కానీ..."
"కానీ ఎందుకమ్మా, వచ్చింది చాలు. పంపెయ్."
"నా నీళ్ళల్లో కూడా వచ్చిందండి."
అవతల కాసేపు వాన చప్పుడు.
"మీ నీళ్ళతో మాకేం పని?"

ఏం చెప్పను,
దూదిపుల్ల ముట్టిన తొడుగుతోనే
నీళ్ళసీసా మూత తిప్పానని?
పద్నాలుగేళ్ళ సర్వీసు నాది.
కొత్తగా వచ్చిన పిల్లలకి
ఆ తప్పు గురించే పాఠం చెప్పేదాన్ని.

బ్లీచింగుతో బల్ల కడిగాను.
కొత్త సీసా, కొత్త ముక్కులు, కొత్త తొడుగులు.
ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలాను.

తెల్లారగట్ల మళ్ళీ దీపం.
తొమ్మిదోది చీకటి. అబ్బ, ఎంత మంచి చీకటి.
ఆరుగురిలో అయిదుగురు వెలిగారు.
వాగు వెలిగింది, అందరికన్నా ఎక్కువగా.
జావ నల్లగా, ఏమీ ఎరగనట్టు.
రెండుసార్లు చూశాను. వరసలు వేలితో లెక్కపెట్టాను.

సుమారి బెంచీ మీద కూర్చునే నిద్రపోయింది.
లేపి చెప్పాను: కలరా. జావలో లేదు, వాగులో ఉంది.
వాచ్‌మన్ అందించాడు.
ఆమె ఏదో అడిగింది, చిన్న ప్రశ్న.
వాచ్‌మన్ దాన్ని దించకుండా
గొడుగు దులుపుకుంటూ నిలబడ్డాడు.

తర్వాత చెంబు ఇమ్మంది.
ఆవిరిలో ఉడికించి, చల్లార్చి ఇచ్చాను.
సొట్టలు తడిమి చూసుకుంది, తనదేనా అని.
దాహమేసిందేమో,
వరండాలో కుళాయి దాకా వెళ్ళి
చెంబు కింద పెట్టి
తిప్పబోయి
నా వైపు చూసింది.