ఐదు సెకన్లు

రేసు ముగిసి గంటన్నర.
కొండ మీద సర్క్యూట్ ఖాళీ అయింది,
నా దుకాణం నిండింది.
కొక్కేలకు వేలాడే రెయిన్‌కోట్లు
నేల మీద మడుగులు కడుతున్నాయి.
నేను నూనె ముందు నిలబడి
బంగాళాదుంపల్ని రెండో వాయి వేయిస్తున్నాను.

బల్ల మీద ఉప్పుసీసా హాల్వర్సన్.
మయొనీజ్ డబ్బా మన ఆర్డెన్ కుర్రాడు దెల్‌కోర్.
మడిచిన కాగితం రుమాలు మలుపు.
గిస్లాన్ డబ్బాని లోపలి అంచుకి తోసి,
రెంటి నడుమ ఓ బంగాళాదుంప ముక్క పెట్టాడు.
"చోటు వదిలాడా లేదా? ఇదిగో, ఇంత!"
ఎవ్రార్ ఆ ముక్క తీసి
నోట్లో వేసుకున్నాడు.
"ఇప్పుడేదీ చోటు?"

ఇక చూస్కోండి.
ఎవరు పట్టిన కుందేటికి వాళ్లు
మూడే కాళ్లు లెక్కపెడుతున్నారు.
ఉత్తరాలు పంచే ఫెర్నాన్
రూలు పుస్తకం తానే రాసినట్టు వేలెత్తి చదువుతాడు.
టైర్లు మార్చే రెనిల్డ్ అంటుంది:
"బ్రేకు ఎక్కడ నొక్కాడో చూడండి ముందు.
బుద్ధి ఉన్నచోట కాదు,
కోపం తగ్గినచోట నొక్కాడు."
"పోయినేడు హాల్వర్సన్ ఇదే చేస్తే మందలింపు!
మనవాడికి ఐదు సెకన్లా?
స్టీవార్డులకి ఒక కంట వెన్న, ఒక కంట సున్నం!"

ఐదు సెకన్లంటే నన్నడగండి.
బంగారు రంగుకీ మాడుకీ మధ్య
బుట్ట పైకెత్తేంత సేపు.
ఆ సేపట్లో గెలిచినవాడు నాలుగోవాడయ్యాడు.

ఈ అన్నదమ్ములు
తండ్రి గారేజీ అమ్మిన ఏటి నుంచి
పలకరించుకోలేదు. పదకొండేళ్లు.
ఎవరు ఎవరికి చోటు వదల్లేదో,
ఆ తగవుకి కెమెరాలు లేవు.
తల్లి పెట్టెను చెరోవైపు మోసుకొస్తున్నప్పుడు కూడా
"మెట్టుంది, చూసుకోండి" అన్నది నేనే.
ఒకడు నా మొగుడు, ఒకడు నా మరిది.
అన్న మెచ్చినవాడికి ఎదుటివాణ్ణి మెచ్చడం
ఎవ్రార్ పట్టిన వ్రతం.
లేకపోతే నార్వే ఎక్కడ, వీడెక్కడ?
రేసు ఆదివారాల్లో మాత్రం
ఒకే బల్లకు ఎదురెదురుగా కూర్చుని
గొంతులు బొంగురుపోయేదాకా
కారు పేరు పెట్టి ఒకణ్ణొకడు తిట్టుకుంటారు.
అందుకే దెల్‌కోర్ గెలవాలని నేను మొక్కను.
ఏదో ఒకటి తేలకుండా మిగలాలని
చాపెల్‌లో ఓ కొవ్వొత్తి వెలిగిస్తాను.

మూలన ఒనొరే.
ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మలుపు దగ్గరే
పసుపు జెండా పట్టాడు. ఇవాళ కూడా.
నారింజ రంగు కోటు ఇంకా విప్పలేదు.
బల్లను ఏకంగా అతని ముందుకే జరిపారు.
"నువ్వు చెప్పు. పదడుగుల్లో ఉన్నావు."
ఒనొరే దెల్‌కోర్‌ని చేతిలోకి తీసుకుని
పళ్లెంలో కాస్త పిండుకున్నాడు.
"కళ్లద్దాల మీద వాన పడింది.
తుడుచుకుని పెట్టుకునేసరికి
ఒకడు గులకల్లో ఉన్నాడు,
ఒకడు కొండెక్కుతున్నాడు."

మా ఊరి ట్రాక్ అంతే.
పిట్‌ల దగ్గర ఎండ, అడవి మలుపులో జడి.
ఒకే ల్యాపులో రెండు రుతువులు.
ఏ టైరు వేసుకొచ్చినవాడికి ఆ నిజం.

దుకాణం ఊరుకుంది. నూనె ఒక్కటే మాట్లాడుతోంది.
ఒకటి, రెండు, లోపల లెక్కపెట్టుకున్నాను.
మూడు దగ్గర ఎవ్రార్ తలెత్తాడు.
ఉప్పుసీసా వైపు కాదు, అన్న వైపు.
"నాన్న ఉంటే..." అన్నాడు.
అంతే. మిగతాది మింగేశాడు.
గిస్లాన్ రుమాలు మడతని సరిచేస్తూ ఉండిపోయాడు,
అది సరిగ్గానే ఉంది.

మాడు వాసన.
బుట్ట ఎత్తడం మర్చిపోయాను.
నల్లబడ్డ ముక్కల్ని పారెయ్యబోతుంటే
ఎవ్రార్ చెయ్యి చాపాడు: "ఇటివ్వు వదినా."
గిస్లాన్ కూడా అదే పళ్లెంలోంచి ఒకటి తీసుకుని
నమిలి, మొహం చిట్లించి,
"నాన్నయితే రేసు నుంచే తీసేసేవాడు" అన్నాడు,
ఎవరితోనో.

మళ్లీ రేసు మూడు వారాలకి.
అందరూ వెళ్లాక బల్ల తుడిచాను.
రుమాలు, ఉప్పుసీసా, డబ్బా
ఎక్కడివక్కడే ఉంచాను.