మామగారి అంగిలి

పద్నాలుగేళ్ల కాపురంలో
మామగారి ముఖం నిండుగా చూసింది లేదు.
ఆయన చెప్పుల చప్పుడు వినగానే
కొంగు గడ్డం దాకా దిగేది.
నాకు తెలిసిన వేల్జీబాపా అంటే
రెండు పాదాలు, ఒక దగ్గు,
గడప పక్కకి నెట్టిన ఖాళీ పళ్లెం.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరింటికి
"నోరు తెరవండి బాపా" అంటాను.

భావనగర్ పెద్దాసుపత్రి నుంచి
ఇరవై రెండో నాడు ఇంటికి పంపుతూ
నర్సు శోభనాబెన్ చేతిలో ఒక చీటీ పెట్టింది,
చెవిలో ఒక భయం వేసింది.
భయం పేరు కరసన్‌భాయి. పక్క మంచం.
జబ్బు తగ్గి వెళ్లాడు, వీధంతా పేడాలు పంచారు.
పదో రోజుకి చెంప మొద్దుబారిందన్నాడు,
పంటిపోటేమోనని లవంగం నొక్కిపెట్టారు.
తిరిగొచ్చేసరికి
కుడికన్ను ఇక ఆయనది కాదు.

"బూజే" అంది నర్సు,
"రొట్టె మీద పట్టేదానికి చుట్టం.
గాలిలో ఎప్పుడూ ఉండేదే, మన జోలికి రాదు.
ఒళ్లు ఓడి, నెత్తురు తీపెక్కి,
స్టెరాయిడ్లు కాపలావాణ్ణి జోకొట్టినప్పుడు
తలుపు తోసి చూస్తుంది."

వచ్చీ రాగానే ఇల్లు తిరగేశాను.
చెమ్మ గోడకి ఆనించిన గోనెసంచులు,
మూల కుళ్లుతున్న ఉల్లిపాయలు,
మొన్నటి రొట్లా,
పెళ్లినాటి నుంచీ మారని ఆయన తలగడ.
దాన్ని ఎండలో వేస్తే గువ్వలు సైతం దూరం జరిగాయి.
ఆక్సిజన్ సీసాలోకి మందులషాపు నీళ్లే, కుళాయివి కాదు.
రోజూ పారబోసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ.

అలంగ్ ఒడ్డున ముప్పై ఏళ్లు
ఆక్సిజన్ మంటతో ఓడల్ని కోసిన మనిషి.
మేడంత ఇనప గోడల్ని
పాత చీర చింపినట్టు చింపాడట.
అదే గాలి ఇప్పుడు సన్న గొట్టంలోంచి
బుడబుడమంటూ ముక్కులోకి.
"నా అప్పు ఓడలు తీరుస్తున్నాయి" అన్నాడొకసారి.
ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

తెల్లమాత్ర సగం, సోమవారం నుంచి పావు.
బలం వస్తోందిగా, ఇంకో వారం వాడదామన్నాడు మా ఆయన.
చీటీ ముందు పెట్టి చదివాను.
నేను ఏడో తరగతి పాసయ్యానని
ఆ రోజు ఇంట్లో అందరికీ గుర్తొచ్చింది.

టార్చి పట్టిన మొదటి సాయంత్రం చెయ్యి వణికింది.
ముసుగు తీస్తేగాని వెలుగు పడదు.
అత్త గోడవైపు తిరిగింది,
జపమాల తిప్పుతూ, చూడనట్టు.
ముక్కులో నల్లచెక్కు లేదు.
కంటికింద వాపు లేదు.
రెండు చెంపలూ వేలితో నొక్కి, "తెలుస్తోందా?"
"తెలుస్తోంది."
ఆ తర్వాత అంగిలి.
గులాబీరంగు, తడి, గీతలు గీతలుగా.
పసిపిల్లల నోరూ ఇలాగే ఉంటుంది.

పదిహేడో రోజు
అంగిలి మీద, ఎడమపక్క,
కందిగింజంత నల్లచుక్క.

టార్చి జారిపోయింది.
నిన్న లేదు. లేదు కదా నిన్న.
ఆటో జీవాభాయి నంబరు వెతుకుతుంటే
వేళ్లు నా మాట వినడం లేదు.
"బాపా, నొప్పుందా? మొద్దుగా ఉందా?"
ఆయన నాలుక కదిపాడు.
చుక్క కదిలింది.
చుక్క జరిగింది.
చుక్కని గుటుక్కున మింగేశాడు.

నల్లనువ్వుల బెల్లం ఉండ.
కొత్త తలగడ గలీబులో పొట్లం.
గోడవైపు జపమాల ఆగిపోయింది.
తెచ్చిచ్చిందెవరో అడగక్కర్లేకపోయింది.

మిషను మూడొందల పన్నెండు చూపించింది.
శోభనాబెన్‌కి ఫోన్ చేసి, అడిగినంతే సూది వేశాను.
అప్పుడు అరిచాను.
మామగారి మీద, ముసుగు లేకుండా,
వీధి చివర బర్రెలు తల తిప్పేలా.
కరసన్‌భాయి కన్ను పేరెత్తి ఏడ్చాను కూడా.

ఆయన తల వంచుకున్నాడు.
కాసేపటికి, మెల్లగా,
భుజం మీది తువ్వాలు
గడ్డం దాకా లాక్కున్నాడు,
కొత్తకోడలిలా.

టార్చి అద్దం పగిలింది.
రేపు ఆరింటిలోగా ఇంకోటి కొనాలి.