ఈ రోజు రేవులో

మొదటి రోజే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు,
చేయకూడనివన్నీ అందులో ఉన్నాయి.
మంచం మీంచి ఎవర్నీ లేపకూడదు.
నర్సునడక్కుండా గుక్కెడు నీళ్లైనా పట్టకూడదు.
సెలైను గొట్టం జోలికి పోకూడదు, మంచాలు జరపకూడదు.
"తగ్గిపోతుందిలే" అనకూడదు.
మరి నాకు మిగిలిందేమిటమ్మా అంటే
హెడ్ నర్సు యోలాండా నవ్వకుండా చెప్పింది:
"కుర్చీ."

అలా నాకో కుర్చీ దక్కింది,
జేబు మీద పేరు కుట్టిన ఆకుపచ్చ కోటూ,
ఒక చక్రం ఎప్పుడూ ఎడమకి లాగే నీళ్ల బండీ.
వల్పరైసోలో, కొండ వాలున ఆసుపత్రి,
నాలుగో అంతస్తు, మగవాళ్ల వార్డు, మంగళవారాలు.

ముప్పయ్యొక్క ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో
డబ్బాలకి మూతలు బిగించిన చేతులివి.
మానేసి రెండేళ్లైనా, ఎంత తోమినా
వాసన వదల్లేదేమోనని బెరుకు.
మూడో మంచం ముసలాయన ముక్కు ఎగబీల్చి
"ఓహో, సముద్రం లోపలికే వచ్చింది" అన్నాడు.

ఆయన పేరు క్లొడొమీరో.
ఇనప తాడు మీద కొండెక్కే పెట్టెని
నలభై ఏళ్లు పైకీ కిందకీ నడిపినవాడు.
రేవంతా కనపడే గదిలో మీట పట్టుకుని
ఎన్ని ఓడల్ని చూశాడో.
ఇప్పుడు మంచం గోడకేసి ఉంది.
"ఈ రోజు రేవులో ఏముంది?" అంటాడు,
ఎలా ఉన్నారని నేనడిగే లోపే.

కిటికీ దాకా వెళ్లొస్తాను.
కంటైనర్ ఓడలు రెండు, ఒకటి నీలం.
నేవీ వాళ్ల బూడిదరంగుది, కదలట్లేదు.
గోధుమల ఓడ, దాని చుట్టూ పక్షుల గోల.
ముక్కు ఏ దిక్కుకి తిప్పుకుందంటాడు,
నీటి గీత ఎంత పైకి తేలిందంటాడు.
తెలియక మళ్లీ వెళ్తాను.
ఆ కిటికీకీ మంచానికీ మధ్యనే
పూటకి కోసెడు దూరం నడిచుంటాను.

ఆగస్టులో ఒక రోజు పొగమంచు.
పాల గ్లాసు లోపల్నించి చూసినట్టుంది.
పొద్దుట్నించీ సూపు ముట్టలేదని చార్టులో రాశారు.
ఉండబట్టలేక ఒక ఓడని కల్పించాను.
ఎర్రటిది, రెండు పొగగొట్టాలు,
డెక్కు మీద ఎవరో బట్టలారేస్తున్నారని కూడా.

కళ్లు మూసుకుని విన్నాడు.
చాలాసేపటికి,
"రెండు గొట్టాల ఓడలు నా చిన్నప్పుడే పోయాయి.
తెల్లారినప్పట్నించీ మంచు సైరన్ మోగుతూనే ఉంది,
చెవులు ఇంకా పనిచేస్తున్నాయి నాకు.
మంచుంటే మంచని చెప్పు.
ఇక్కడందరూ నాకు ఎర్ర ఓడలే చూపిస్తున్నారు."

ఆ ఓడ కంటే ఎర్రబడ్డాయి నా చెవులు.
"మంచు" అన్నాను.
"ఎంత?"
"కింద చర్చి గంట స్తంభం కూడా లేదు."
"అయితే మధ్యాహ్నం దాకా విడవదు" అని
సూపు ఇటు తెమ్మన్నాడు.
నర్సునడిగి చెంచా పట్టుకున్నాను.
సగం తిన్నాడు. సగం నా కోటు మీద.

తర్వాత ఎన్నో మంగళవారాలు లేవు. నాలుగు.
చివరి దానికి ఓడల సంగతి అడగలేదు,
నేనే చెప్పాను, ఉన్నవి ఉన్నట్టు,
ఒడ్డున బోర్లించిన పడవతో సహా.
దుప్పటి మీద ఆయన వేళ్లు
లేని మీటని పట్టుకుని
మెల్లిగా, ఇంకా మెల్లిగా వెనక్కి లాగుతున్నాయి,
కింది స్టేషను దగ్గరపడుతోంది కాబోలు,
నిలబడ్డవాళ్లు తూలిపడకుండా.

మూడో మంచంలో ఇప్పుడు యెర్కో అనే కుర్రాడు,
మోటార్ సైకిల్ మీంచి పడ్డాడు.
ఓడలక్కర్లేదు, కబుర్లక్కర్లేదు,
ఫోను చార్జరు దొరికితే చాలు.
రెండు అంతస్తులు తిరిగి తెచ్చాను.
ఇంకేమైనా కావాలా అంటే
గోడకేసి తిరిగి, వెళ్లు అన్నాడో
వెళ్లకు అన్నాడో సరిగ్గా వినపడలేదు.

కుర్చీ లాక్కున్నాను.
నీళ్ల బండి దానంతటదే
కాస్త ఎడమకి తిరిగి ఆగింది.