సీసపు అక్షరం

మొదటి ఫిల్ము చూసి నన్ను నేనే తిట్టుకున్న.
ఎడమ దిక్కు పెట్టే సీసపు అక్షరాన్ని
కుడికి పెట్టినట్టున్న.
పద్నాలుగేండ్ల నౌకరీల అసొంటి తప్పు జెయ్యలే.
"అన్నం తినే చెయ్యేది బిడ్డా?" అని అడిగి
ఆ చెయ్యి గుర్తు పెట్టుకొని మళ్ల తీసిన.
గుండె కుడి దిక్కే ఉన్నది,
వేరే ఇంట్ల పండుకున్న చుట్టం లెక్క, నిమ్మళంగ.

చందన. తొమ్మిదేండ్లు. కోయిలకొండ దిక్కు.
పుట్టిన నాటి నుంచి దగ్గు,
చెవి కారుడు, ముక్కు కారుడు, తిత్తుల అడుగున నెమ్ము.
రెండుసార్లు టీబీ గోలీలు మింగింది,
లేని టీబీకి.
తల్లి మన్నెమ్మ
పూణెల పదకొండో అంతస్తు దాక కంకర తట్ట మోసి
మొన్ననే బస్సు దిగింది.

డాక్టరమ్మ చీటీ ఎనుక బొమ్మ గీసింది.
కణం మీద ఒక వెంట్రుక.
శైలికలని మేం బడిల చదివినయే,
పేరమీసియం చుట్టు గీతలు, రెండు మార్కులు.
"దాంట్ల పొయ్యి లేదమ్మా, వంట లేదు.
ఏది కావాల్నన్నా కిందనే తయారయి పైకి మోసుకపోవాలె.
ఎక్కిచ్చేటోళ్లు వేరు, దించేటోళ్లు వేరు.
కొస మీదనే కడ్తరు. మోత ఆగితే..."
మన్నెమ్మ మధ్యలనే అందుకున్నది:
"తెలుసమ్మా. తట్ట రాకుంటే గోడ లేవదు."

ఈ పిల్ల వెంట్రుకలు మాత్రం పొడుగుకు పొడుగున్నయంట.
ఊగెటందుకు చేతులే లేవంట.
కిందనే అమర్చి పైకి తోలాల్సిన బారెడన్ని చేతులు;
అమర్చే మేస్త్రి రాలే.
అందుకే కఫం కదలదు.
అందుకే కడుపుల పడ్డ కొత్తల
చుక్కంత నీళ్లను ఎడమకు నూకాల్సిన సుడి తిరగలే.
దారి చెప్పెటోళ్లు లేక
గుండె బొమ్మా బొరుసా ఏసుకున్నది.

మన్నెమ్మ చీటీని తిప్పి తిప్పి చూసింది.
"దేశానికంత చేతులు పంపే పాలమూరుల పుట్టి
నా బిడ్డ కాడికొచ్చేసరికి లేవా?"
నవ్విందో ఏడ్చిందో
నేను డార్క్ రూం తలుపు ఎనుక ఉన్న.

మందు లేదు. పని ఉన్నది.
పొద్దుమాపు పిల్లను బోర్ల పండబెట్టి
దోసిలొంచి వీపు మీద తట్టాలె,
కింది నుంచి పైకి, కింది నుంచి పైకి.
సిమెంటుకు చిట్లిన చేతులు
ఒక్కసారి చూసి నేర్చినయి.

ఈ ఏడు ఆమె పూణె పోలే. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు
ఎట్ల తీర్చిందో నేనడగలే.

నిన్న మళ్ల ఫిల్ము తీసిన.
నెమ్ము కొంచెం ఇగిరింది, మొత్తం పోలే.
"సారూ, దోస్తులు నమ్ముతలేరు, పాత ఫొటో ఇస్తవా?"
బీరువల ఎతికి, నేను తప్పనుకున్నదే ఇచ్చిన.
అక్షరం దాంట్ల సరిగనే ఉండె.