కుడికి కొట్టే తుపాకి

ఇరవై రూపాయలకి ఆరు గుళ్ళు.
ఆర్కే బీచ్‌లో, సబ్‌మెరైన్ దాటాక,
నూకాలమ్మ తుపాకి చేతికిచ్చింది.

భుజం మరిచిపోలేదు. చెంప కూడా.
పదహారేళ్ళప్పుడు ఎన్‌సీసీ రేంజిలో
బోర్లా పడుకుంటే హవల్దార్ బెహరా గారు
మోచేతి కింద ఇసకబస్తా సర్ది అనేవారు:
"కన్ను మూడింటిని ఒకేసారి చూడలేదమ్మా.
వెనక గాడి మసకైతే అవనీ,
టార్గెట్ మసకైతే అవనీ,
ముందు మొన మాత్రం సూదిలా ఉండాలి."

ఇప్పుడు నలభై ఎనిమిది.
బెలూన్ల మూతి ముడులు కూడా లెక్కపెట్టగలను,
చెక్క పైనుంచి సముద్రం, లంగరేసిన ఓడ మీద బల్బులు.
మూరెడు దూరంలో ఉన్న మొనే
నానిన అగ్గిపుల్లలా అలుక్కుపోయింది.

ఐదు గుళ్ళూ చెక్కలోకి పోయాయి.

నూకాలమ్మ తన మెడలో దారానికి వేలాడే
కళ్ళజోడు తీసి నా ముక్కు మీద పెట్టింది.
"బియ్యంలో రాళ్ళేరినప్పుడు నాను ఇదే ఎట్టుకుంటాను."

ఓడ పోయింది. ముడులు పోయాయి.
మొన వచ్చింది, అంచున తుప్పుతో సహా.
ఊపిరి సగం వదిలి ఆపాను.

"ఆగమ్మా," అంది చెవి దగ్గర,
"అది కుడికి కొడతాది.
పచ్చది కావాలంటే ఎర్రదాన్ని సూడు."