కీచురాయి ఉన్న కళ్లెం

సామాన్ల కొట్లో మూడు మేకులు, మూడు కళ్లేలు.
బయట సేజ్ పొదల మీద మంచు గట్టిపడి
అడుగు వేస్తే అప్పడంలా విరుగుతోంది.

టీకప్‌కి ఆరేళ్లు నిండాయి.
ఇన్నాళ్లూ దాని నోట్లో ఇనుము పెట్టలేదు.
ముక్కు మీద అల్లిన తోలు చుట్టు, జుట్టుతో పేనిన తాడు,
అంతే మా ఇద్దరి మధ్య మాటలు.
ఒవైహీ కొండల ఇవతల ఇంకా కొందరం ఇలాగే చేస్తాం:
ముందు ముక్కుకి, ఏళ్లు గడిచాకే నోటికి.
తొందరున్నవాళ్ల గుర్రాలు
నోళ్లు మొద్దుబారి వేలానికి వస్తాయి.

మొదటి మేకుది వెండి.
చెంపల మీద చెక్కిన గులాబీలు, జానెడు కాడలు.
ఎల్కో పోటీలో రాండల్ గెలిచాడు.
విడాకుల కాగితాల్లో దీని ఊసు లేదు, కనక నాదే.
కాడ ఎంత పొడుగైతే
చేతిలో గుసగుస నోట్లో అంత గావుకేక.
మంచి చేతికి మంచి కళ్లెమే.
నాది మంచి చెయ్యని ఒట్టేయలేను,
పోయిన మార్చిలో నేను వేసిన తలుపులన్నీ సాక్ష్యం.

రెండోది కేటలాగ్‌లోది.
కొత్త బూట్ల వాసన, వంగని తోలు.
ఐదంగుళాల వెడల్పు. టీకప్ నోటికి పావంగుళం ఎక్కువ.
పావంగుళమేగా అంది అమ్మిన పిల్ల.
తన పంట్లో ఎప్పుడూ పీచు ఇరుక్కోలేదు కాబోలు.

మూడోది ఆన్సెల్మో ఉర్రుతియా ఇచ్చింది,
చేతులు వణకడం మొదలైన ఏడు.
నల్లబడ్డ ఇనుము, పొట్టి కాడలు, నాలుకకి చోటిచ్చే చిన్న వంపు,
ఆ వంపులో తిరిగే రాగి చక్రం.
దాన్ని ఇక్కడ కీచురాయి అంటారు.
ఎడమ చెంపపట్టీకి మూడు చోట్ల కుట్లు,
ఒక కుట్టు మాత్రం ఎర్ర దారం.

చొక్కా చెయ్యి మడిచి
ముంజేతి మీద ఒక్కోటీ పెట్టుకుని
పక్క రాంచి కుర్రాడు కోల్బీని లాగమన్నాను.
వెండిదానికి నా నోట్లోంచి వచ్చిన మాట
వాడు ఇంట్లో చెప్పకుండా ఉంటే బాగుండు.
రెండోది చర్మాన్ని మెలిపెట్టింది.
మూడోది
ముందు కొంచెం కదిలింది, ఆగింది,
తర్వాతే బిగిసింది,
గుమ్మం బయట పెద్దమనిషి దగ్గి లోపలికొచ్చినట్టు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఇది మాట్లాడే నోటి గురించి కదా,
మాట్లాడలేని నోటికి ఎవరేం అన్నారో తెలీదు.

కోటు లోపల చంకలో పెట్టుకుని
లాయం దాకా నడిచాను.
ఇనుము ముందు నన్ను వణికించింది,
తర్వాత నా అంత వెచ్చబడింది.
దవడ కింద గొలుసు తీసేసి మెత్తటి తోలు కట్టాను,
రెండు వేళ్లు దూరేంత వదులుగా.
ముక్కు చుట్టు అలాగే ఉంచాను, దాని పగ్గాలూ.
కళ్లేనికి పగ్గాలు లేవు.

టీకప్ తల ఎగరేసింది, చప్పరించింది,
నన్ను అనుమానంగా చూసింది.
ఏదో నాలుకకి తగిలింది.
మళ్లీ తగిలించుకుంది.
కిర్ర్.

జనవరిలో, ఒక్క పురుగూ బతికి లేని చలిలో,
లాయంలో కీచురాయి.

ఫోన్ దాని నోటి దగ్గర పెట్టి ఆన్సెల్మోకి వినిపించాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
"పగ్గాలు కట్టావా?"
"లేదు."
"రేపూ కట్టకు," అన్నాడు,
ఎల్లుండి మాట ఎత్తకుండానే పెట్టేశాడు.